ఏడు రోజుల ఊరి క్యాంపు: గట్టు, బడి, సాగర్ (నల్లగొండ, పాలమూరు విద్యార్థి బృందాల కోసం)

మా మొదటి క్యాంపులో చేతులు కడుక్కునే గట్టు పని నాలుగో రోజు మధ్యాహ్నానికి గానీ మొదలవలేదు. అప్పటిదాకా ర్యాలీ, ప్రారంభ సభ, సర్వే, ఫొటోలు. ఆరో రోజు సాయంత్రం ప్లాస్టరింగ్ చేశాం. ఏడో రోజు పొద్దున దాని మీద రంగు కూడా వేసేసి బస్సెక్కాం. రెండు నెలల తర్వాత అటువైపు పనిబడి వెళ్తే గట్టు మీద ప్లాస్టరింగ్ పొలుసుల్లా లేచి కనిపించింది. గోటితో గీకితే ఇసుక రాలింది. బడి ముందు కూర్చున్న ముసలాయన ఒకప్పుడు మేస్త్రీ పని చేసినవాడే. నా మొహం చూసి, "నీళ్లు కొట్టేటోడు లేకుంటే సిమెంట్ ఏం జేస్తది సారూ?" అన్నాడు.

సిమెంట్ పనికి కనీసం 7 రోజులు తడి కావాలి. మన క్యాంపేమో మొత్తం 7 రోజులు. ఈ లెక్క ఆ ఏడాది నాకు తట్టలేదు. తర్వాతి క్యాంపులన్నీ ఈ లెక్క మీదే వేశాను: తాపీ పని మొదటి నాలుగు రోజుల్లో అయిపోవాలి, పాఠాలు ఆ నాలుగు రోజులూ పక్కనే నడవాలి, ఊళ్లు చూసే యాత్ర ఆరో రోజు ఉండాలి. ఇది ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరానికి రాసుకున్న పద్ధతి. ఇంటర్, డిగ్రీ కాలేజీల బృందాలు, చర్చి యువజన సంఘాలు, హైదరాబాద్ నుంచి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు, ఎవరైనా వాడుకోవచ్చు.

ముందు కాలం చూసుకోండి

ఎన్‌ఎస్‌ఎస్ గాంధీ శతజయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. వాలంటీర్ రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, దాంతోపాటు ఒక ఏడు రోజుల శిబిరం. శిబిరం ఎప్పుడు పెట్టాలన్నది చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది. చాలామంది సంక్రాంతి సెలవుల్లో పెడతారు. కాలేజీకి అది సులువు. కానీ ఆ రోజుల్లో ఊళ్లో బడి మూసి ఉంటుంది, పాఠం ఎవరికి చెబుతారు? వేసవి సెలవులదీ అదే కథ, పైగా ఎండ. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు వస్తాయి.

నా అనుభవంలో సంక్రాంతి ముగిసి బడి తెరిచాక, జనవరి 20 ప్రాంతం మంచి ముహూర్తం. పొద్దున చలి ఉంటుంది, మాలు (నీళ్లు పోసి కలిపిన సిమెంట్, ఇసుక) తొందరగా ఎండిపోదు. చివరి రోజు 26 అయ్యేట్టు చూసుకుంటే జెండా పండుగకు ఊరంతా ఎలాగూ బడి దగ్గరికి వస్తుంది, వీడ్కోలు సభ వేరే పెట్టక్కర్లేదు. గద్వాల వైపు వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త: విత్తన పత్తి క్రాసింగ్ (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) నడిచే కాలంలో వెళ్తే తరగతి గది సగం ఖాళీగా కనిపిస్తుంది, పిల్లలు చేలల్లో ఉంటారు. ఇక ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు క్యాంపు పెట్టుకోకండి. ఒక్క శిలాఫలకం చాలు గొడవకు.

ఊరు, బడి ఖాయం చేసుకోవడం

నెలన్నర ముందు ఇద్దరు లెక్చరర్లు, ఇద్దరు విద్యార్థులు ఊరికి వెళ్లి రావాలి. విద్యార్థుల్లో ఒకరు అమ్మాయి అయి ఉండాలి. మరుగుదొడ్డి చూసి "ఇక్కడ ఉండగలం" లేదా "ఉండలేం" అని చెప్పాల్సింది ఆమె. నేను చూసి బాగుందన్న ఒక బడిలో తలుపుకు గొళ్లెం లేదన్న సంగతి అక్కడికి చేరాక తెలిసింది.

అడగాల్సిన మొదటి ప్రశ్న "మీ ఊరికి ఏం కావాలి?" కాదు. అలా అడిగితే సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు అంటారు. అది వాళ్ల తప్పు కాదు, అడిగినందుకు చెప్పారు. హెడ్‌మాస్టర్ దగ్గర కూర్చొని, మధ్యాహ్న భోజనం వేళ పిల్లలు ఎక్కడ చేతులు కడుగుతున్నారో, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పని అక్కడే దొరుకుతుంది. తర్వాత సర్పంచ్‌తో, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి, ఫలానా పని ఫలానా చోట చేస్తామని కాగితం మీద రాయించుకోవాలి. బడికి సంబంధించి ఎంఈఓ అనుమతి, కాలేజీ ప్రిన్సిపాల్ లేఖ, పోలీస్ స్టేషన్‌కు, దగ్గరి పీహెచ్‌సీకి సమాచారం, ప్రతి విద్యార్థి ఇంటి నుంచి ఒప్పుకోలు పత్రం. ఇవి లేకుండా బస్సు కదలకూడదు.

భాష సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తండాల్లో చిన్న పిల్లలకు ఇంటి భాష లంబాడీ. నారాయణపేట, మక్తల్ సరిహద్దు ఊళ్లలో కన్నడం వినిపిస్తుంది. ఆ భాష వచ్చిన వాలంటీర్లు ఇద్దరైనా బృందంలో ఉంటే మొదటి రోజే పిల్లలు దగ్గరవుతారు.

ఇంకో మాట. గుడి తరఫున వెళ్లినా, చర్చి తరఫున వెళ్లినా, పార్టీ అనుబంధ సంఘంగా వెళ్లినా బడి ఆవరణలో, బడి వేళల్లో ఆ జెండా కనిపించకూడదు. మొదటి రోజే ఊరివాళ్లకు ఈ మాట చెప్పేయండి, సగం అనుమానాలు పోతాయి.

ఏ పని ఎంచుకోవాలి

50 మంది పిల్లలు, నాలుగు రోజులు, ఒక మేస్త్రీ. దీనికి సరిపోయే పని మూడు ముక్కలుగా ఉంటే బాగుంటుంది: ఒక చేతులు కడిగే గట్టు, ఆ నీళ్లు పోవడానికి ఒక ఇంకుడు గుంత, బడి పాత గోడలకు రంగు. గది కట్టడం, ప్రహరీ కట్టడం పెట్టుకోవద్దు. సగంలో ఆగిన ప్రహరీ ఊరికి ఆస్తి కాదు, మేకలు ఎక్కే మెట్టు.

పాలమూరు పల్లెలో పని చేస్తున్నప్పుడు ఒక సంగతి మరిచిపోకూడదు. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, నగరాల్లో అపార్ట్‌మెంట్లు కట్టింది ఈ జిల్లా నుంచి వలస వెళ్లిన కూలీలు. "పాలమూరు లేబర్" అన్న మాట అలాగే పుట్టింది. అలాంటి ఊరికి వెళ్లి మన సెకండియర్ పిల్లలు వాళ్లకు గోడ కట్టి ఇస్తామనడం కొంచెం నవ్వొచ్చే విషయమే. అందుకే మా క్యాంపుల్లో మేస్త్రీని ఊరి నుంచే తీసుకుంటాం, కూలీ పూర్తిగా ఇస్తాం, పని జరిగే చోట ఆయన మాటే చెల్లుతుంది. లెక్చరర్లం మేమూ ఆయన కింద మాలు మోసేవాళ్లమే. "బిడ్డా, పార అట్ల పట్టుకుంటే నడుం పోతది" అని ఆయన చెప్పే మాటలు సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు కూడా నోట్సులో రాసుకున్నారు.

గట్టు కట్టడం

పది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం గోడ, దాని ముందు నీళ్లు పారే తొట్టి. ఈ లెక్కకు తెప్పించాల్సినవి:

- ఎర్ర ఇటుకలు 300 నుంచి 350 (విరిగేవి కలుపుకొని)
- సిమెంట్ 5 సంచులు
- ఇసుక, 20 మిల్లీమీటర్ల కంకర కలిపి ఒక ట్రాక్టర్‌కు లోపే
- కుళాయిలు 6, పైపు, పైపు మలుపులకు ఎల్బోలు, ఒక గేట్ వాల్వ్
- పారలు, గడ్డపారలు, తట్టలు, రెండు జల్లెడలు, గుండు (గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి దారంతో వేలాడదీసేది), మట్టం, దారం, టేపు
- చేతి తొడుగులు, బూట్లు ప్రతి ఒక్కరికీ

ఇసుక విషయంలో సొంత తెలివి వద్దు. అనుమతి లేకుండా ట్రాక్టర్ తెప్పిస్తే కేసు అవుతుంది. పంచాయతీ కార్యదర్శి ద్వారానే రప్పించుకోండి.

మొదటి రోజుకు ముందు రోజే మేస్త్రీతో పాటు అయిదుగురు వెళ్లి ముగ్గు పోసి, పునాది తవ్వడం మొదలుపెట్టాలి. మిగతావాళ్లు దిగేసరికి పని నడుస్తూ కనిపించాలి. ముగ్గు పోసే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఒకటో తరగతిలో అందరికన్నా పొట్టి పిల్లను పిలిచి నిలబెట్టండి, చేయి చాపమనండి. రెండు కుళాయిలు ఆ ఎత్తులో పెట్టాలి, మిగతా నాలుగు పై తరగతుల పిల్లలకు. పెద్దల నడుం లెక్కతో కట్టిన గట్టు దగ్గర చిన్న పిల్లలు వేలాడుతూ చొక్కా తడుపుకోవడం ఎన్ని బళ్లలో చూశానో.

మొదటి రోజు పునాదిలో నాలుగంగుళాల బెడ్ కాంక్రీట్: సిమెంట్ 1, ఇసుక 4, కంకర 8. ఇటుకలు ఆ రాత్రే డ్రమ్ములో, లేదా గుంతలో టార్పాలిన్ పరిచి నీళ్లలో నానబెట్టాలి. పొడి ఇటుక మాలులోని నీళ్లను పీల్చేస్తుంది, అప్పుడు అతుకు నిలవదు. పిల్లలకు ఇది చెప్పడం కన్నా చూపించడం మేలు. పొడి ఇటుకను నీళ్లలో వేస్తే బుడగలు ఎలా వస్తాయో చూశాక ఎవరూ వాదించరు.

రెండో రోజు ఇటుక పని. మాలు సిమెంట్ 1కి ఇసుక 6. ముందు పొడిగానే సిమెంట్, ఇసుక రంగు ఒకటయ్యేదాకా తిప్పాలి, ఆ తర్వాతే నీళ్లు. ఒకసారి నీళ్లు పోసిన మాలును అరగంటలో వాడేసేంతే కలపాలి. గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరిచే తప్పు మా పిల్లలు ప్రతి ఏడాదీ చేస్తారు, మేస్త్రీ ప్రతి ఏడాదీ తిడతాడు. రెండు మూడు వరసలకోసారి గుండు వేలాడదీసి చూడాలి. గోడ వాలితే ఆ వరస తీసేయాలి, మొహమాటం వద్దు.

మూడో రోజు తొట్టి అడుగు కాంక్రీట్, 1:2:4. పది అడుగుల పొడవుకు రెండంగుళాల వాలు ఉండాలి, ఇంకుడు గుంత వైపుకు. ఈ రెండంగుళాలు తప్పితే నీళ్లు నిలుస్తాయి, నాచు పడుతుంది, దోమలు చేరతాయి. నాలుగో రోజు మధ్యాహ్నంలోపు ప్లాస్టరింగ్, 1కి 4. అంతే, ఆ తర్వాత గట్టును ఎవరూ ముట్టుకోకూడదు. తడి గోనె సంచులు కప్పి పూటకు రెండుసార్లు నీళ్లు కొట్టాలి. కొత్త ప్లాస్టరింగ్ మీద రంగు వేయొద్దు. బ్రష్షులు పట్టుకొని తహతహలాడే పిల్లలను బడి పాత గోడల మీదికి పంపండి: గుణింతాలు, ఎక్కాలు, జిల్లా పటం. అక్షరాలు రాసేముందు తెలుగు లెక్చరర్‌తో పెన్సిల్ గీత దిద్దించండి. ఒక గోడ మీద "ఋ" తప్పు రాసి మూడేళ్లు అలాగే ఉన్న సందర్భం నాకు తెలుసు.

ఇంకుడు గుంత గోడకు కనీసం పది అడుగుల దూరంలో, బోరుకు ఇంకా దూరంగా ఉండాలి. నాలుగడుగుల చదరం, అయిదడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ముతక ఇసుక. చెలక నేలలో బాగా ఇంకుతుంది. నల్లరేగడి అయితే గుంత పెద్దది చేయాలి, లేదా నీళ్లను చెట్ల పాదుల వైపు తిప్పాలి. గుంతకు ముందు మూత ఉన్న చిన్న తొట్టి కట్టడం మరవద్దు. భోజనం తర్వాత కడిగే నీళ్లలో మెతుకులుంటాయి. అవి నేరుగా గుంతలోకి పోతే నెలలో కంపు కొడుతుంది, ఎలుకలు వస్తాయి.

నీళ్ల ట్యాంకును బడి పైకప్పు మీదికి ఎక్కించే ముందు ఒక లెక్క: వెయ్యి లీటర్లంటే నీళ్లే ఒక టన్ను. పాత స్లాబును నమ్మవద్దు, కింద విడిగా దిమ్మె కట్టి పెట్టండి.

సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, ఇది అతిశయోక్తి కాదు. ఒకబ్బాయి చెప్పులతో తడి కాంక్రీట్‌లో గంటన్నర నిలబడ్డాడు, సాయంత్రానికి వేళ్ల సందుల్లో తోలు లేచింది. బూట్లు లేనివాళ్లకు కాంక్రీట్ దగ్గర పని ఇవ్వకండి. కంట్లో పడితే వెంటనే పావుగంట నీళ్లతో కడిగి పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. ఎండలో పని పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ మూడున్నర నుంచి అయిదున్నర. నడుమ వేళ బడిది.

పాఠాలు

50 మందిని అయిదు జట్లు చేసి రోజూ పనులు మార్చే అలవాటు అన్ని క్యాంపుల్లో ఉంది. తాపీ పనికి, వంటకు, సర్వేకు అది బాగానే ఉంటుంది. పాఠం చెప్పే జట్టును మాత్రం మార్చవద్దు. ఏడేళ్ల పిల్లకు రోజుకో కొత్త అన్న వచ్చి మళ్లీ పేరు అడిగితే మూడో రోజుకు జవాబు చెప్పడం మానేస్తుంది. పదిమందిని ఎంచి, ఒక్కొక్కరికి అయిదుగురు పిల్లలను అప్పజెప్పి, చివరిదాకా వాళ్లనే ఉంచండి.

రోజుకు రెండు గంటలు, నాలుగు రోజులు, మొత్తం ఎనిమిది గంటలు. ఇంత సమయంలో ఎవరికీ చదవడం రాదు, ఆ మాట వాలంటీర్లకు ముందే చెప్పాలి. రాష్ట్రంలో 2022 నుంచి ప్రాథమిక తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే "తొలిమెట్టు" కార్యక్రమం నడుస్తోంది. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో టీచర్ దగ్గర నమోదు ఉంటుంది. ముందు ఆ టీచర్‌ను అడగండి. ఆమె చెప్పిన ఒక్క అంశమే పట్టుకోండి: ఒకరికి ఒత్తులు, మరొకరికి అప్పు తీసుకునే తీసివేత. మన పిల్లలకు ఇంగ్లిష్ రైమ్స్ నేర్పాలని ఉబలాటం ఉంటుంది, చివరి అరగంట దానికి వదలండి.

బాగా పండే పాఠాలు బయట కడుతున్న గట్టు దగ్గరే ఉన్నాయి. వాటిని తరగతిలోకి తెచ్చాక మా క్యాంపు రూపే మారింది.

మూడో తరగతి పిల్లలు ఒక వరసలో ఎన్ని ఇటుకలున్నాయో లెక్కపెడతారు, ఎన్ని వరసలో చూస్తారు, గుణిస్తారు. తర్వాత విరిగిన వాటిని తీసేసి మిగిలినవి ఎన్నో చెబుతారు. గుణకారం, తీసివేత రెండూ అయిపోయాయి. అయిదో తరగతికి పది మీటర్ల పారదర్శక పైపు ఒకటి చాలు. నీళ్లు నింపి, ఒక చివర గట్టు దగ్గర, మరో చివర వరండా దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తున ఆగుతాయి. మేస్త్రీలు తరతరాలుగా వాడే నీటి మట్టం ఇదే. ఆ పాఠం మేస్త్రీతోనే చెప్పించండి. నాన్న ఎక్కడో బెంగళూరులో ఇదే పని చేస్తున్న పిల్ల ఆ రోజు తరగతిలో అందరికన్నా ముందు చేయి ఎత్తింది. ఆ గంట నాకిప్పటికీ గుర్తుంది.

నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలకు వెళ్తే నీళ్ల పాఠం తప్పకుండా పెట్టండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. ఈ జిల్లాలో బోరు నీళ్లు ఆ గీత దాటి పళ్ల మీద గారను, వంగిపోయిన ఎముకలను మిగిల్చాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని "నల్లగొండ టెక్నిక్" అనే పేరుతోనే చదువుతుంది. ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయిల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. పిల్లలకు అడగాల్సిన ప్రశ్న: మీ ఇంట్లో తాగేది కుళాయి నీళ్లా, బోరు నీళ్లా, వంటకు ఏవి? ప్రయోగానికి రెండు సీసాల్లో బురద నీళ్లు తీసుకొని, ఒక దాంట్లో పటిక తిప్పి చూపిస్తే చాలు. ఆ నీళ్లు తాగించవద్దు. గార పళ్లున్న పిల్లలను ముందుకు పిలిచి చూపించే పని అసలే వద్దు. ఒక వాలంటీర్ తెలియక ఆ పని చేశాడు, ఆ అబ్బాయి మర్నాడు బడికి రాలేదు.

తిండి, పడక

50 మందికి రోజుకు 20 కిలోల బియ్యం పట్టుకోండి. గిన్నెలు అద్దెకు తెచ్చుకోవాలి. బడి మధ్యాహ్న భోజనం బియ్యం, గ్యాస్ ముట్టుకోవద్దు, అది పిల్లల లెక్క. ఒక రాత్రి ఊరి అవ్వలతో జొన్నరొట్టెలు చేయించుకోండి, డబ్బులిచ్చి. అమ్మాయిలకు గొళ్లెం, లైటు ఉన్న గదులు, వాళ్లతో ఒక మహిళా లెక్చరర్. రాత్రి బయటికి వెళ్లాలంటే టార్చ్, ఇద్దరు తోడు. పాము కాటుకు మంత్రాలు, కట్లు కాదు, కదలనివ్వకుండా 108. ఇంతే, మిగతావి మీకు తెలిసినవే.

యాత్ర ఆరో రోజే ఎందుకు

మొదట్లో మేం వెళ్లేదారిలోనే సాగర్ చూసేసేవాళ్లం. పిల్లలు సెల్ఫీలు దిగి బస్సెక్కేవాళ్లు. ఒక ఏడాది బస్సు దొరక్క యాత్ర ఆరో రోజుకు మారింది. నాలుగు రోజులు మాలు మోసి, రెండున్నర అడుగుల గోడకు గుండు వేసి సరిచూసుకున్న పిల్లలు ఆనకట్ట ముందు నిలబడి నోరెత్తలేదు. నాగార్జునసాగర్ రాతికట్టడం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. యంత్రాల కన్నా మనుషుల చేతుల మీద ఎక్కువగా లేచిన గోడ అది. "సార్, ఇంత ఎత్తుకు గుండు ఎట్ల వేసిన్రు?" అని ఒకమ్మాయి అడిగింది. నాకు జవాబు రాలేదు. అప్పటి నుంచి యాత్ర ఆరో రోజే.

సాగర్‌కు వెళ్తే నాగార్జునకొండ లాంచీ ఉంటుందా లేదా ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. రిజర్వాయర్ నిండితే మునిగిపోయే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలను తవ్వి తీసి, ఆ దీవి మీద మళ్లీ పేర్చారు. లాంచీ లేకపోతే 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది, 274 ఎకరాలు, సగం రోజు పడుతుంది.

నల్లగొండ పట్టణం పక్కనే పానగల్లు. చాలామంది బస్సులో నుంచే చూసి వెళ్లిపోతారు, అన్యాయం. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పడే స్తంభం నీడ సూర్యుడు కదిలినా కదలదు. నేరుగా పడే ఎండ కాకుండా, పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురును స్తంభాలు అడ్డుకోవడం వల్ల ఆ నీడ. ఫిజిక్స్ పిల్లలను ముందుకు నెట్టి, వెలుతురు ఏ ఏ దారుల్లో వస్తోందో వెతకమనండి. పక్కనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం, ఉదయసముద్రం చెరువు.

పాలమూరు వైపు క్యాంపు అయితే మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చూపించండి. మూడెకరాలకు పైగా పరుచుకున్న ముసలి మర్రిచెట్టు. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెట్టుకు మందు ఎక్కించారు. బస్సు మాట్లాడేటప్పుడు జాగ్రత్త, సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే ఊరు కూడా ఉంది, అక్కడివి రేచర్ల వంశంవాళ్లు కట్టించిన కాకతీయుల కాలం నాటి గుళ్లు. మా డ్రైవర్ ఒకసారి ఒకదానికి బదులు మరొకదానికి డీజిల్ లెక్క వేశాడు.

దక్షిణాన అలంపురం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు, పక్కనే జోగులాంబ. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం రిజర్వాయర్‌లో మునిగిపోతుందని రాయి రాయికి నంబరు వేసి విప్పి, ఇక్కడికి తెచ్చి కట్టారు. వరసలు తప్పితే మేస్త్రీతో తిట్లు తిన్న పిల్లలకు ఆ కథ బాగా ఎక్కుతుంది. అచ్చంపేట వైపు ఉంటే అమ్రాబాద్ అడవి, ఫర్హాబాద్ వ్యూపాయింట్, మల్లెలతీర్థం. అడవి దారిలో రాత్రి వాహనాలను వదలరు, చీకటి పడకముందే చెక్‌పోస్ట్ దాటాలి.

హైదరాబాద్ నుంచి వచ్చిన బృందాలు తిరిగి వెళ్తూ భూదాన్ పోచంపల్లిలో ఆగవచ్చు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే సభలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచిన ఊరు. మగ్గాల ఇళ్లలోకి వెళ్లాలంటే పదిమంది కన్నా ఎక్కువ ఒకేసారి వెళ్లకండి.

వీలైతే బస్సులో ఊరి పిల్లలను పదిహేను మందినైనా ఎక్కించుకోండి, టీచర్‌తో, అమ్మానాన్నల సంతకాలతో. సాగర్‌కు రెండు గంటల దూరంలో ఉండి, నాన్న ఊరూరా ఆనకట్టల పనికి వెళ్లే పిల్లలు సాగర్‌ను చూడనేలేదని తెలిస్తే మన పిల్లలకే ఆశ్చర్యం.

నీళ్లలోకి దిగడం పూర్తిగా నిషేధం. కృష్ణ అయినా, తుంగభద్ర అయినా, మల్లెలతీర్థం అయినా. "కాళ్లు కడుక్కుంటాం సార్" అన్నా సరే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టే పని ఒక్కరికే అప్పగించండి. ఇద్దరికిస్తే ఇద్దరూ మరొకరు లెక్కపెట్టారనుకుంటారు.

ఏడో రోజు, ఆ తర్వాత

జెండా ఎగిరాక ఖర్చుల కాగితం పంచాయతీ బోర్డు మీద అతికించండి: ఎంత వచ్చింది, సిమెంట్‌కు ఎంత, మేస్త్రీకి ఎంత, మిగిలింది ఎంత. మిగిలిన సిమెంట్ ఎవరింటికి పోయిందో కూడా.

గట్టుకు ఇంకో వారం నీళ్లు కొట్టాలి. ఆ పని "ఊరివాళ్లకు" అప్పగిస్తే ఎవరూ చేయరు. అయిదో తరగతి నుంచి ఇద్దరు పిల్లలు, అటెండర్ లేదా వంట చేసే అక్క, ముగ్గురి పేర్లు, తేదీలు గోడ మీద చార్టుగా పెట్టండి. ఒక రోజు నీళ్లు కొడితే ఒక టిక్కు. సాయంత్రం చార్టు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. మేం చేసిన క్యాంపుల్లో పిల్లలు ఒక్క రోజు కూడా మరవలేదు, మరిచిందల్లా ఫొటో పంపాల్సిన పెద్దవాళ్లే.

నెల తర్వాత అయిదారుగురు మళ్లీ వెళ్లాలి. ఈ ప్రయాణానికి డబ్బు మొదటి బడ్జెట్‌లోనే పక్కన పెట్టుకోండి, లేకపోతే జరగదు. నాణెంతో ప్లాస్టరింగ్ మీద తట్టి వినండి. డొల్ల మోత వచ్చిన చోట గుర్తు పెట్టి మేస్త్రీతో తీయించి మళ్లీ పూయించాలి. గట్టుకు రంగు వేయాల్సింది ఈసారి. మెతుకుల తొట్టి మూత తీసి చూడండి, ఎవరు శుభ్రం చేస్తున్నారో అడగండి. కుళాయిలు ఆరింటిలో ఒకటైనా కారుతూ ఉంటుంది, అందుకని బ్యాగులో ఒక స్పానర్, అరడజను వాషర్లు, టెఫ్లాన్ టేపు వేసుకొని బయల్దేరండి.